సైక్లాయిడ్ మాస్ స్పెక్ట్రోమీటర్: లెక్కలో పర్ఫెక్ట్, మార్కెట్లో మాత్రం వెనకబాటే, ఎందుకలా?

ఇంటర్ సెకండ్ ఇయర్ ఫిజిక్స్ చదివినవాళ్లకి వెలాసిటీ సెలెక్టర్ గుర్తుండే ఉంటుంది. ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఒక దిక్కున, దానికి అడ్డంగా మాగ్నెటిక్ ఫీల్డ్, ఈ రెండిటికీ లంబంగా ఒక చార్జ్ దూసుకొస్తుంటే రెండు బలాలూ దాన్ని ఎదురెదురు దిక్కులకి లాగుతాయి. ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని మాగ్నెటిక్ ఫీల్డ్‌తో భాగిస్తే ఎంత వస్తుందో సరిగ్గా ఆ వేగంతో వచ్చిన చార్జ్ మాత్రమే తిన్నగా బయటపడుతుంది, మిగతావన్నీ పక్కకి పోయి గోడకి కొట్టుకుంటాయి. ఈఏపీసెట్‌లో, జేఈఈలో దీని మీద ప్రశ్న రాని ఏడాది తక్కువే. కానీ ఆ ఫార్ములాని ఒకసారి తేరిపార చూస్తే అందులో మాస్ లేదు, చార్జ్ కూడా లేదు. మరి మాస్ అంటే ఏంటో కూడా పట్టని ఏర్పాటుతో మాస్ కొలిచే మెషిన్ ఎలా కట్టారు అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. వాటిల్లో అన్నిటికంటే అందమైనది, సైక్లాయిడ్ మెషిన్, దాదాపు మరుగున పడిపోయింది.

ముందు పాత కథ కొంచెం. 1897లో కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్ క్యాథోడ్ కిరణాల మీద ఈ రెండు ఫీల్డ్స్‌నీ అడ్డంగా పెట్టి బ్యాలెన్స్ చేసి వాటి వేగం కనుక్కున్నాడు, ఆ వేగం నుంచే చార్జ్‌కీ మాస్‌కీ ఉన్న నిష్పత్తి లాగాడు. ఆ మరుసటి ఏడాదే జర్మనీలో విల్హెల్మ్ వీన్ ఇదే పని పాజిటివ్ అయాన్ల మీద చేశాడు, అందుకే ఇప్పటికీ ఆ ఏర్పాటుని వీన్ ఫిల్టర్ అంటారు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. థామ్సన్ తర్వాతి రోజుల్లో నియాన్‌కి 20, 22 అని రెండు రకాలున్నాయని చూపించిన పారాబోలా మెషిన్‌లో రెండు ఫీల్డ్స్ అడ్డంగా ఉండవు, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి, కాబట్టి అది ఈ కుటుంబంలోది కాదు. ఆస్టన్ 1919 మెషిన్ కూడా కాదు, అందులో అయాన్లు ముందు ఎలక్ట్రిక్ ఫీల్డ్ దాటి ఆ తర్వాత మాగ్నెట్‌లోకి వెళ్తాయి.

అడ్డ ఫీల్డ్స్‌ని మాస్ కొలతకి గట్టిగా వాడుకున్నవాడు కెన్నెత్ బెయిన్‌బ్రిడ్జ్. 1930ల మొదట్లో అమెరికాలో ఆయన చేసిన పని చూడ్డానికి చాలా సింపుల్: వెలాసిటీ సెలెక్టర్ పెట్టి అన్ని అయాన్లకీ ఒకే వేగం వచ్చేలా చేశాడు, తర్వాత వాటిని మాగ్నెటిక్ ఫీల్డ్ ఒక్కటే ఉన్న చోటికి వదిలి అర్ధవృత్తం తిరిగేలా చేసి ఫొటో ప్లేట్ మీద పడేశాడు. వేగం ఒకటే కాబట్టి వృత్తం సైజు నేరుగా మాస్‌ని బట్టే ఉంటుంది, ప్లేట్ మీద గీతల మధ్య దూరాన్ని స్కేలు పెట్టి కొలిస్తే మాస్ తేడా వచ్చేస్తుంది. ఇలా కొలిచిన మాస్‌లతోనే 1933లో ఆయన లిథియం-7, ప్రోటాన్ కలిసి రెండు హీలియంలుగా విడిపోయే రియాక్షన్‌లో తగ్గిన మాస్‌ని, బయటికొచ్చిన ఎనర్జీని పక్కపక్కన పెట్టి చూపించాడు, ఐన్‌స్టీన్ మాస్-ఎనర్జీ సమీకరణానికి అది తొలినాళ్ల గట్టి రుజువుల్లో ఒకటి. అయితే ఇందులో కూడా అడ్డ ఫీల్డ్స్ మాస్‌ని కొలవలేదు, కొలిచింది తర్వాతి మాగ్నెట్. ఫీల్డ్స్ పని గేటు దగ్గర నిలబడి వేగం చూసి లోపలికి పంపడమే.

గేటే మాస్ ఫిల్టర్ అయ్యే దారి కూడా ఉంది. అన్ని అయాన్లనీ ముందే ఒకే వోల్టేజ్‌తో తోసేస్తే అన్నిటికీ ఎనర్జీ ఒకటే ఉంటుంది, అప్పుడు బరువైనవి నెమ్మదిగా, తేలికవి జోరుగా వస్తాయి, వేగాన్ని ఎంచుకుంటే మాస్‌ని ఎంచుకున్నట్టే. లెక్క వేసి చూడొచ్చు: మీటర్‌కి 10,000 వోల్టుల ఎలక్ట్రిక్ ఫీల్డ్, 0.1 టెస్లా మాగ్నెట్ పెడితే దాటే వేగం సెకనుకి 100 కిలోమీటర్లు. సుమారు 1,450 వోల్టులతో తోసిన నైట్రోజన్ అయాన్, అంటే మాస్ 28, సరిగ్గా ఆ వేగంతో వస్తుంది. అదే వోల్టేజ్‌తో తోసిన ఆక్సిజన్ 93.5 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ 80కి కూడా చేరదు, రెండూ పక్కకి పోతాయి. ఫోకస్డ్ అయాన్ బీమ్ మెషిన్లలో మిశ్రమ లోహపు సోర్స్ నుంచి వచ్చే రకరకాల అయాన్లలో కావాల్సింది ఒక్కటి ఏరుకోడానికి నేటికీ ఇదే వాడతారు. జర్మనీలో డార్మ్‌స్టాడ్ట్ దగ్గర జీఎస్ఐ ల్యాబ్‌లో 107 నుంచి 112 వరకు కొత్త మూలకాలని పట్టిన షిప్ అనే సెపరేటర్ కూడా వెలాసిటీ ఫిల్టరే, కాకపోతే అందులో రెండు ఫీల్డ్స్ ఒకేచోట కాకుండా విడివిడిగా పెట్టారు.

తిరకాసు ఎక్కడుందంటే ఆ "అన్నిటికీ ఎనర్జీ ఒకటే" అన్న మాటలో. అయాన్ సోర్స్ లోపల ఒక అయాన్ ఒకచోట పుడుతుంది, ఇంకోటి అర మిల్లీమీటర్ అవతల పుడుతుంది, రెండు చోట్లా వోల్టేజ్ కొంచెం వేరు, దాంతో బయటికొచ్చేసరికి ఎనర్జీలో తేడా వచ్చేస్తుంది. వీన్ ఫిల్టర్‌లో ఎనర్జీ ఒక శాతం అటూ ఇటూ అయితే కనిపించే మాస్ కూడా ఒక శాతం అటూ ఇటూ అవుతుంది. మాస్ 28 దగ్గర ఇది పెద్ద బాధ కాదు, పక్కన 29 మూడున్నర శాతం దూరంలో ఉంది కాబట్టి. మాస్ 200 దగ్గర పక్క మాస్ అర శాతం దూరంలోనే ఉంటుంది, అక్కడ ఈ మెషిన్ చేతులెత్తేస్తుంది. ఎనర్జీని ఖచ్చితంగా పెట్టడానికి స్లిట్లు, అంటే అయాన్లు దూరే సందులు, సన్నం చేసుకుంటూ పోతే అయాన్లే మిగలవు.

1938లో ప్రిన్స్‌టన్‌లో వాకర్ బ్లీక్నీ, జాన్ హిపుల్ కలిసి ఈ మొత్తం గొడవని పక్కకి నెట్టేశారు. అయాన్లని తిన్నగా పంపే ప్రయత్నం మానేసి, అవే అడ్డ ఫీల్డ్స్‌లో వాటిని ఇష్టమొచ్చినట్టు మెలికలు తిరగనిచ్చారు, అంతే! జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి ప్రిపేర్ అయినవాళ్లకి ఈ లెక్క తెలుసు. అడ్డ ఫీల్డ్స్‌లో చార్జ్‌ని నిశ్చలంగా వదిలితే అది సైక్లాయిడ్ గీస్తుంది, సైకిల్ టైరు మీద సున్నంతో చుక్క పెట్టి తొక్కుతుంటే ఆ చుక్క గాల్లో గీసే గీత లాంటిది. కొంచెం తోసి వదిలితే సైక్లాయిడ్ కాస్తా మెలికలు పడిన ట్రోకాయిడ్ అవుతుంది. కానీ ఎలా వదిలినా, ఎంత వేగంతో తోసినా, మాగ్నెటిక్ ఫీల్డ్‌కి లంబంగా ఉండే ఆ తలంలో ఏ దిక్కుకి తోసినా, ఒక పూర్తి చుట్టు తర్వాత అయాన్ మొదలైన చోటి నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉంటుంది.

ఎందుకు అలా? ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని మాగ్నెటిక్ ఫీల్డ్‌తో భాగిస్తే వచ్చే ఆ డ్రిఫ్ట్ వేగంతో మనం కూడా పక్కనే జరుగుతూ చూస్తున్నాం అనుకుంటే మనకి ఎలక్ట్రిక్ ఫీల్డ్ కనపడదు, మాగ్నెటిక్ ఫీల్డ్ ఒక్కటే మిగులుతుంది. మాగ్నెటిక్ ఫీల్డ్‌లో చార్జ్ చేసే పని ఒకటే, వృత్తం తిరగడం. ఆ వృత్తం పెద్దదా చిన్నదా అన్నది అయాన్ వేగాన్ని బట్టి ఉంటుంది గానీ చుట్టు పూర్తి చేయడానికి పట్టే టైమ్ మాత్రం మాస్‌ని, చార్జ్‌ని, మాగ్నెట్ బలాన్ని బట్టే ఉంటుంది, వేగంతో దానికి పనిలేదు. కాబట్టి ఒకే మాస్ ఉన్న అయాన్లన్నీ ఒకే టైమ్‌కి బయల్దేరిన చోటికే తిరిగొస్తాయి, ఈలోగా మొత్తం సీను డ్రిఫ్ట్ వేగంతో పక్కకి జరిగి ఉంటుంది. ఎంత జరిగింది అంటే డ్రిఫ్ట్ వేగం ఇంటూ చుట్టు టైమ్. మొదట్లో ఫార్ములాలో మాయమైన మాస్ ఇక్కడ చుట్టు టైమ్ రూపంలో దొడ్డిదారిన లోపలికొచ్చేసింది.

అంకెలు పెట్టి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 0.4 టెస్లా మాగ్నెట్, మీటర్‌కి 2,000 వోల్టుల ఫీల్డ్ అనుకుంటే డ్రిఫ్ట్ వేగం సెకనుకి 5 కిలోమీటర్లు. నైట్రోజన్ అయాన్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 4.56 మైక్రోసెకన్లు పడుతుంది, ఆ లోపు అది వేసే అంగ 2.28 సెంటీమీటర్లు. ఆక్సిజన్ అంగ 2.6 సెంటీమీటర్లు, కార్బన్ డయాక్సైడ్‌ది 3.58. అంటే ఒక్కో మాస్ యూనిట్‌కి 0.81 మిల్లీమీటర్ చొప్పున వరసగా, స్కేలు మీద గీతల్లాగే సమానంగా పడతాయి. ఎనర్జీ తేడాలు, దిక్కు తేడాలు ఈ లెక్కలోకే రావు. అయాన్ దారిలో కొంత మేరే మాగ్నెట్ ఉండే సెక్టర్ మెషిన్లలో, అంటే 1934 నాటి మాటౌఖ్-హెర్ట్‌సోగ్ అయినా తర్వాత వచ్చిన నీర్-జాన్సన్ అయినా, ఈ రెండు తేడాలనీ సర్దడానికి మాగ్నెట్ అంచులు, కోణాలు, దూరాలు అన్నీ కూడబలుక్కుని డిజైన్ చేయాలి, అప్పటికీ ఆ సర్దుబాటు ఉజ్జాయింపే. సైక్లాయిడ్‌లో ఆ తలం వరకు ఉజ్జాయింపు అన్న మాటే లేదు. ఇంత శుభ్రమైన ఫోకసింగ్ మాస్ స్పెక్ట్రోమెట్రీలో ఇంకోటి చూపించడం కష్టం.

మిగిలిపోయిన దిక్కు ఒకటుంది, మాగ్నెటిక్ ఫీల్డ్ వెంబడి ఉండేది. ఆ దిక్కులో అయాన్‌ని పట్టి ఉంచేది ఏమీ లేదు, మొదట్లో కొంచెం వేగం ఉంటే అలా జారిపోతూ ఉంటుంది. రూమ్ టెంపరేచర్‌లో నైట్రోజన్‌కి ఆ దిక్కులో సెకనుకి దాదాపు 300 మీటర్ల వేగం ఉంటుంది అనుకుంటే ఒక చుట్టులో జారేది ఒకటిన్నర మిల్లీమీటర్ లోపే, దానికి స్లిట్ కొంచెం పొడవుగా పెడితే సరిపోతుంది.

మరి ఇంత బాగుంటే ఇది ప్రతి ల్యాబ్‌లో ఎందుకు లేదు? 1950ల్లో అమెరికాలో సైక్లాయిడ్ మెషిన్లు అమ్మకానికి వచ్చాయి, గ్యాస్ ఎనాలిసిస్‌కి కొంతకాలం వాడారు కూడా. కానీ ఆ పర్ఫెక్ట్ ఫోకసింగ్ అనేది ఒక షరతు మీద నిలబడి ఉంది, రెండు ఫీల్డ్స్ అయాన్ తిరిగే జాగా మొత్తం ఒకే తీరుగా ఉండాలి. ఇది గొంతెమ్మ కోరికే. సెక్టర్ మెషిన్‌లో సోర్స్ మాగ్నెట్ బయట ఉంటుంది, డిటెక్టర్ బయట ఉంటుంది, అయాన్ దారి మీద కొంత ముక్క మాత్రమే మాగ్నెట్ లోపల. సైక్లాయిడ్‌లో సోర్స్, దారి, కలెక్టర్ మూడూ మాగ్నెట్ ధ్రువాల మధ్య సందులోనే ఇరుక్కుని కూర్చోవాలి, పైగా వాక్యూమ్ చాంబర్ గోడలు కూడా ఆ సందులోనే. సందు పెరిగితే ఫీల్డ్ పడిపోతుంది, పడిపోయిన ఫీల్డ్‌ని నిలబెట్టాలంటే మాగ్నెట్ పెరగాలి, అంచుల్లో ఫీల్డ్ వంకరపోకుండా ఉండాలంటే ధ్రువాల వెడల్పు ఇంకా పెరగాలి.

లోపల ఎలక్ట్రిక్ ఫీల్డ్ సంగతి ఇంకో తంటా. రెండు ప్లేట్లు పెట్టి వోల్టేజ్ ఇస్తే అంచుల దగ్గర ఫీల్డ్ ఉబ్బిపోతుంది, అందుకని మధ్యలో సన్నటి మెటల్ ఫ్రేములు దొంతరగా పేర్చి, ఒక్కోదానికి మధ్య సమానమైన రెసిస్టర్ వేసి, వోల్టేజ్ మెట్లు మెట్లుగా దిగేలా చేస్తారు. ఒక్క ఫ్రేము కొంచెం వంగినా, ఒక రెసిస్టర్ విలువ మారినా పీక్, అంటే గ్రాఫ్‌లో ఒక్కో మాస్ దగ్గర లేచే శిఖరం, ఆకారం మారిపోతుంది. పంప్ ఆయిల్ ఆవిరి ఆ ఫ్రేముల మీద పొరలా అంటుకుంటే అది చార్జ్ పట్టి కూర్చుంటుంది. వేల వోల్టులతో పరిగెత్తే అయాన్‌కి అలాంటి ఒకటి రెండు వోల్టులు లెక్కలోకి రావు, సైక్లాయిడ్‌లో అయాన్లు కొన్ని వోల్టుల నుంచి కొన్ని పదుల వోల్టుల ఎనర్జీలో తిరుగుతుంటాయి కాబట్టి వాటికి అది బాగానే తగులుతుంది. ఇలాంటి మెషిన్‌లో సగం పని ఫిజిక్స్, సగం పని శుభ్రం చేసి బేక్ చేయడం అంటే అతిశయోక్తి కాదు.

ఈలోగా 1953లో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పాల్, స్టైన్‌వేడెల్ క్వాడ్రుపోల్ తెచ్చారు. నాలుగు కడ్డీలు, వాటి మీద ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ), డీసీ వోల్టేజ్, మాగ్నెట్ ఊసే లేదు. ఫోకసింగ్ పరంగా దానికి సైక్లాయిడ్ అందం ఏమీ లేదు, కానీ తేలిక, చవక, స్కానింగ్ జోరు, కంప్యూటర్‌తో కంట్రోల్ చేయడం సులువు. మార్కెట్ ఎటు మొగ్గిందో వేరే చెప్పక్కర్లేదు. మన మంగళయాన్‌లో వెళ్లిన మెంకా, చంద్రయాన్-2 ఆర్బిటర్‌లో ఉన్న ఛేస్-2 రెండూ క్వాడ్రుపోల్‌లే, గ్రాము గ్రాముకీ లెక్క చెప్పాల్సిన చోట మాగ్నెట్‌ని నెత్తికెత్తుకుని ఎవరు వెళ్తారు?

ఇక హిపుల్ విషయానికొస్తే, ఆయన అడ్డ ఫీల్డ్స్‌ని వదల్లేదు, వాటిని ఇంకో రకంగా వాడాడు. 1949లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో సోమర్, థామస్‌లతో కలిసి ఓమెగాట్రాన్ కట్టాడు. ఇందులో మాగ్నెటిక్ ఫీల్డ్‌కి అడ్డంగా పెట్టే ఎలక్ట్రిక్ ఫీల్డ్ స్థిరంగా ఉండదు, ఆర్ఎఫ్ తరంగంలా ఊగుతుంది. అయాన్ చుట్టు తిరిగే ఫ్రీక్వెన్సీకి అది సరిగ్గా కలిస్తే అయాన్ ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం ఎనర్జీ తాగుతూ స్పైరల్‌గా విచ్చుకుని కలెక్టర్‌ని తాకుతుంది. ఈ దారే 1974లో కెనడాలో కోమిసారో, మార్షల్ చేతిలో ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ ఐసీఆర్‌గా (అయాన్ సైక్లోట్రాన్ రెసొనెన్స్) మారింది. ఇప్పుడు ఫ్లోరిడాలో టాలహాసీ మాగ్నెట్ ల్యాబ్‌లో 21 టెస్లా మాగ్నెట్‌తో నడుస్తున్నది దాని వారసత్వమే, మాస్ రిజల్యూషన్‌లో, అంటే దగ్గర దగ్గర మాస్‌లని విడదీసి చూపించడంలో, దాని ముందు ఏదైనా దిగదుడుపే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఐసీఆర్‌లో అయాన్లు మాగ్నెటిక్ ఫీల్డ్ వెంబడి జారిపోకుండా రెండు చివర్లా ఒకటి రెండు వోల్టులు పెడతారు. ఆ వోల్టేజ్ వల్ల పుట్టే ఎలక్ట్రిక్ ఫీల్డ్‌లో కొంత భాగం మాగ్నెటిక్ ఫీల్డ్‌కి అడ్డంగా ఉంటుంది, ఇంకేముంది, పాత డ్రిఫ్ట్ మళ్లీ మొదలు. అయాన్ తన చిన్న చుట్లు తిరుగుతూనే మొత్తంగా సెల్ మధ్య బిందువు చుట్టూ నెమ్మదిగా ఇంకో వృత్తం వేస్తుంది, మాగ్నెట్రాన్ మోషన్ అంటారు దాన్ని. దాని వల్ల కొలిచే ఫ్రీక్వెన్సీ కొంచెం తగ్గుతుంది, సెల్‌లో అయాన్లు ఎక్కువైతే వాటి సొంత చార్జ్ ఫీల్డ్ వల్ల ఇంకొంచెం తగ్గుతుంది. అందుకే కాలిబ్రేషన్ ఫార్ములాలో ఫ్రీక్వెన్సీ ఒక్కటే సరిపోక దాని వర్గంతో ఇంకో పదం కలుపుకోవాల్సి వస్తుంది. సైక్లాయిడ్‌లో ఏ డ్రిఫ్ట్ మాస్‌ని చూపిస్తుందో అదే డ్రిఫ్ట్ ఇక్కడ సరిచేసుకోవాల్సిన తప్పు.

సైక్లాయిడ్ మళ్లీ చర్చలోకి రావడానికి కారణాలు రెండు. 1980ల్లో వచ్చిన నియోడిమియం మాగ్నెట్ల వల్ల అరచేతిలో పట్టే సైజులో గట్టి ఫీల్డ్ దొరుకుతోంది. రెండోది, వరసగా వందల పిక్సెల్స్ ఉన్న అయాన్ డిటెక్టర్లు. పాత మెషిన్లలో ఒకటే కలెక్టర్ ఉండేది, మాస్ మార్చాలంటే ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని స్కాన్ చేయాలి, కలెక్టర్ ఒక మాస్‌ని చూస్తున్నంతసేపు మిగతా మాస్‌ల అయాన్లన్నీ వృథా. అన్ని మాస్‌లనీ ఒకే తలంలో, సమాన దూరాల్లో, ఏ మసకా లేకుండా పడేసే మెషిన్‌కి ఒక్క కన్ను పెట్టి వాడటం అంటే దాని బలాన్నే తొక్కిపెట్టినట్టు. నిజానికి సైక్లాయిడ్ ఓడిపోయింది ఫిజిక్స్ వల్ల కాదు, దాని ఫిజిక్స్‌కి సరిపోయే డిటెక్టర్ అప్పట్లో లేకపోవడం అందులో పెద్ద భాగం అనిపిస్తుంది.

2010ల్లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ రీసెర్చర్లు ఇంకో అడుగు ముందుకేశారు, ఒక స్లిట్ బదులు కోడెడ్ ఎపర్చర్ పెట్టారు. ఇది ఎందుకు కావాలో మీథేన్ ఉదాహరణతో చూస్తే తెలుస్తుంది. గాల్లో మీథేన్ సుమారు 1.9 పీపీఎం, అంటే పది లక్షల్లో రెండు వంతుల లోపే. దాని ముఖ్యమైన పీక్ మాస్ 16 దగ్గర, కానీ ఆక్సిజన్ అణువు విరిగితే వచ్చే ఆక్సిజన్ పరమాణువు కూడా 16 దగ్గరే పడుతుంది, గాల్లో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి మీథేన్ దాని కింద కనపడదు. సరే మీథేన్ ముక్క పడే 15కి వెళ్దాం అంటే అక్కడ నైట్రోజన్-15 ఉంది. నైట్రోజన్‌లో ఆ ఐసోటోప్ 0.37 శాతమే అయినా, గాల్లో 78 శాతం నైట్రోజన్, అందులో స్థూలంగా 5 శాతం విరిగి పరమాణువు అయాన్‌గా మారింది అనుకుంటే 140 పీపీఎం పైన తేలుతుంది, మీథేన్ కంటే డెబ్బై రెట్ల పైమాటే. ఈ రెండిటినీ విడగొట్టాలంటే 15.000కీ 15.023కీ తేడా తెలియాలి, అంటే రిజల్యూషన్ 640 దాకా ఉండాలి.

సైక్లాయిడ్‌లో స్లిట్ ఎంత వెడల్పు ఉంటే గీత అంతే వెడల్పు పడుతుంది, పెరగదు, తగ్గదు. పైన చెప్పిన ఫీల్డ్స్‌లో మాస్ 15 అంగ 12.2 మిల్లీమీటర్లు, దాన్ని 640తో భాగిస్తే స్లిట్ 19 మైక్రాన్లు ఉండాలి. అంత సన్నటి సందులోంచి వచ్చే అయాన్లు ఎన్ని? అదే ఒక స్లిట్ బదులు సగం జాగా తెరిచి ఉండేలా రకరకాల వెడల్పుల స్లిట్లని ఒక కోడ్ ప్రకారం పెడితే అయాన్లు ఎన్నో రెట్లు వస్తాయి, డిటెక్టర్ మీద ప్రతి మాస్‌కీ ఆ కోడ్ బొమ్మే పడుతుంది, కంప్యూటర్ ఆ బొమ్మని వెతికి ఏ మాస్ ఎంత ఉందో విడదీస్తుంది. ఈ కిటుకు ఆప్టికల్ స్పెక్ట్రోమీటర్లలో 1949లోనే గోలే మొదలుపెట్టాడు. ఇది మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పనిచేయాలంటే బొమ్మ చెదరకుండా అలాగే అవతల పడాలి, సరిగ్గా అక్కడే సైక్లాయిడ్ పర్ఫెక్ట్ ఫోకసింగ్‌కి ఇన్నాళ్లకి పని దొరికింది. మీథేన్ ఒక్కటే కావాలంటే లేజర్ మెషిన్లు దీనికంటే నయం, అందులో అనుమానం అక్కర్లేదు, కానీ ఒకేసారి పదీ పదిహేను గ్యాసులు చూడాలంటే లేజర్‌తో అంత తేలిక కాదు.

అయితే కష్టం పోలేదు, స్లిట్ దగ్గర నుంచి మాగ్నెట్ దగ్గరికి మారింది, అంతే. అంగ పొడవు మాగ్నెటిక్ ఫీల్డ్ వర్గానికి విలోమంగా ఉంటుంది, కాబట్టి 640 రిజల్యూషన్ నిలబడాలంటే అయాన్ తిరిగే జాగా అంతటా ఫీల్డ్ 0.08 శాతం లోపు ఒకేలా ఉండాలి. నియోడిమియం మాగ్నెట్ బలం ఒక్క డిగ్రీ వేడికి సుమారు 0.12 శాతం పడిపోతుంది, అంటే అంగ 0.24 శాతం సాగుతుంది, ఒక్క డిగ్రీకే పీక్ పక్క పీక్ చోటుని దాటిపోతుంది. ఎండాకాలం ఏసీ ఆగిన గదిలో పది డిగ్రీలు పెరిగితే మాస్ 44 పీక్ 45 చోటికి వెళ్లి కూర్చుంటుంది. సమేరియం-కోబాల్ట్ వాడితే ఈ బాధ మూడో వంతుకి తగ్గుతుంది, ఖరీదు పెరుగుతుంది, బలం కొంచెం తగ్గుతుంది. ఇంకో దారి ఏంటంటే మాగ్నెట్‌ని అలా మారనివ్వడమే. పిక్సెల్ వరస మొత్తం స్పెక్ట్రమ్‌ని ఒకేసారి చూస్తుంది కాబట్టి ప్రతి ఫ్రేములో 28 దగ్గర నైట్రోజన్, 32 దగ్గర ఆక్సిజన్, 40 దగ్గర ఆర్గాన్ ఎలాగూ ఉంటాయి, గాలి ఉన్నంతకాలం వాటికి కరువు లేదు, వాటి చోటు ఎక్కడికి జరిగిందో చూసి మిగతా స్కేలంతా సాఫ్ట్‌వేర్‌లోనే సర్దేసుకోవచ్చు. మాగ్నెట్ మొత్తం ఒకేలా వేడెక్కినంతవరకు ఇది పనిచేస్తుంది, ఒక ధ్రువం వేడెక్కి ఇంకోటి చల్లగా ఉంటే మాత్రం ఫీల్డ్ వంకరపోతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ పూర్తిగా సరిచేయలేదు, మాగ్నెట్‌ని ఎలా బిగించారు, వేడి ఎటు నుంచి వస్తోంది అని మెకానికల్ వాళ్లే చూసుకోవాలి.